కళ్లజోడుకు ఎదురుమాట

ఒకటో రోజు

మబ్బుగట్టు ఊరికి ఎదురుమాట అయిన నేను, పరదేశి, వయసు డెబ్బై నాలుగు, ఈ రోజు పొద్దున్న ముప్పయ్యో వస్తువును అందుకున్నాను. కళ్లజోడు.

నియమం మరోసారి రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను. నాకు పద్నాలుగేళ్లప్పుడు కింది ఊళ్లలో యంత్రాలన్నీ ఒక్క వారంలో ఆగిపోయాయి. కొండెక్కి బతికినవాళ్లం ముప్పై ఏళ్లు ఏమీ లేకుండా బతికాం. ఆ తరువాత సభ పెట్టుకుని తీర్మానించుకున్నాం: ఏడాదికి ఒక్క వస్తువే తిరిగి రావాలి, అది మన చేతులతో చేసిందై ఉండాలి, రాకముందు ఒకడు దాన్ని గట్టిగా వద్దనాలి. అలా వద్దనేవాణ్ని ఎదురుమాట అంటారు. అది నేనే. ఎక్కువ పుస్తకాలు చదివాననే నేరానికి నన్ను పెట్టారు.

ముప్పై రోజులు వస్తువును వాడాలి. రోజుకు ఒక నష్టమైనా ఈ పుస్తకంలో రాయాలి. ముప్పయ్యో రోజు సభలో ఎదురుమాట పుస్తకాల్లో ఉన్నదే చదవాలి, లేని ముక్క మాట్లాడకూడదు. నా నోట మెచ్చుకోలు వచ్చిందా, పరీక్ష చెల్లదు, వస్తువు అయిదేళ్లు ఆగాలి. చదవడం అయ్యాక ఊరు గింజలు వేస్తుంది. వద్దంటే చింతగింజ, కావాలంటే చిక్కుడుగింజ. వద్దని తేలితే వస్తువును అక్కడే బండకేసి పగలగొడతారు, మళ్లీ దాని పేరెత్తరు.

ఇరవై తొమ్మిదిసార్లు వాదించాను. ఇరవై తొమ్మిదిసార్లు ఓడిపోయాను. ఇదే నా చివరి వాదం, వచ్చే ఏడు నుంచి ఈ పని ఇంకొకరిది.

ఈ వస్తువును చేసినవాడు కోదండం. చనిపోయిన నా భార్య పైడమ్మకు తమ్ముడు. ఇరవై తొమ్మిదింట్లో ఇరవై ఆరు వాడివే. వాడికి అక్షరం ముక్క రాదు. అలాంటివాడి బుర్రలోకి ఈ ఆలోచనలు ఎక్కడి నుంచి వస్తాయో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

ఇసుకతో అరగదీసి, తుప్పు పొడితో మెరుగు పెట్టిన రెండు గాజు బిళ్లలు. ఇత్తడి తీగ. చెవులకు తగిలించుకోవడానికి రెండు దారాలు.

"పెట్టుకో బావా. కరవదు."

"నాకు కనబడట్లేదని నీతో ఎవరన్నారు?"

"ఎవరూ అన్లేదు. మొన్న పులుసులో ములక్కాడ అనుకొని గరిటె కాడ నమిలావు. ఎంతసేపు నమిలావో నాను చూశాను కదేటి."

పెట్టుకున్నాను. వాడు మొహం దగ్గరికి తెచ్చి, "ఏటి, కనబడతందా?" అన్నాడు.

నష్టం: కోదండం ముక్కులో వెంట్రుకలు కనబడ్డాయి.

రెండో రోజు

దగ్గరివన్నీ కనబడుతున్నాయి. దూరానివి మసక. పెట్టుకుని నడిస్తే నేల లేచి మోకాళ్ల మీదికి వస్తోంది. గడప తన్నుకుని పడ్డాను. ఇది మంచి నష్టం, గట్టి నష్టం, సభలో పనికొస్తుంది.

తరువాత బియ్యంలో రాళ్లు ఏరాను. ఒక్క చేటలో పదకొండు రాళ్లు. ఎన్నేళ్లుగా ఈ రాళ్లు తింటున్నానో ఏమో. ఆపైన గోడ మీద చీమల బారు కనబడింది. గోడకు ముక్కు ఆనించి వాటి వెంట ఇల్లంతా తిరిగాను. ఒక చీమ తనకన్నా పెద్ద నూక మోస్తోంది, ఇంకొకటి ఖాళీగా పక్కనే నడుస్తూ దారి చెబుతోంది. సభలో సగంమంది పెద్దలు గుర్తొచ్చి ఒంటరిగా పగలబడి నవ్వాను.

నష్టం: ఒక పూట పని పాడైంది. ఇల్లు ఎంత మురికిగా ఉందో తెలిసి ఊడవాల్సి వచ్చింది.

అయిదో రోజు

మా పుస్తకాల గదిలో ఆరువందల పదకొండు పుస్తకాలున్నాయి. కింది ఊళ్ల నుంచి కొండ పైకి తేవడానికి సభ ఒప్పుకున్నది పుస్తకం ఒక్కటే. పదకొండేళ్లుగా నేను వాటిని చూడటం లేదు, వింటున్నాను. ఎదురుమాట పుస్తకం మాత్రం వేలెడు అక్షరాలతో రాసుకుంటున్నాను. గది చూసే అప్పన్న రోజూ మధ్యాహ్నం వచ్చి చదివి వినిపిస్తాడు. నలభై ఏళ్లవాడు, నా దగ్గరే చదువుకున్నాడు, గొంతు బాగుంటుంది.

ఇన్నాళ్లూ వినడమే గాని చదవని ఫ్రెంచి విప్లవం పుస్తకం ఈ రోజు నేనే తీశాను. అరగంటలో తెలిసిపోయింది. అప్పన్న పుటకు సగం వదిలేసేవాడు. నా తలలో ఉన్న ఫ్రెంచి విప్లవంలో రాజుగారు ఊరు విడిచి వెళ్లిపోయి సుఖంగా ఉన్నారు. పుస్తకంలో తల నరికారు. అంతటితో ఆగక ఆవిరి యంత్రం పుస్తకం తీశాను. నాకు తెలిసిన చరిత్రలో ఆవిరి యంత్రం గనుల్లో నీళ్లు తోడి అలిసిపోయి ఊరుకుంది. దాన్ని చక్రాల మీద ఎక్కించిన అధ్యాయం అప్పన్న దాటేశాడు. అంటే చిన్నప్పుడు నేనెక్కిన రైలు, పదకొండేళ్లుగా నేను విన్న చరిత్రలో, పుట్టనేలేదు.

పిలిచి అడిగాను.

"రాజును ఎందుకు బతికించావురా?"

"అప్పుడు మీరు అన్నానికి కూర్చున్నారండి మాస్టారూ. రక్తం, అదీ ఎందుకులే అని."

"మరి రైలు?"

"ఆ రోజు నాకు వేరే పనుందండి."

వాడి మొహం కళ్లకు దగ్గరగా ఉంది. సిగ్గుతో చెవులు ఎర్రబడటం చూశాను. మనిషి చెవులు ఎర్రబడతాయన్న సంగతే మరిచిపోయాను.

నష్టం: నమ్మిన చరిత్ర పోయింది. కొత్తది నేర్చుకోవాలి. మహా సంతోషంగా, అంటే మహా ఇబ్బందిగా ఉంది.

తొమ్మిదో రోజు

నాలుగు రోజుల్లో పద్నాలుగు పుస్తకాలు. కూర తరగడం మానేసి ఉప్పూ అన్నమూ తింటున్నాను.

కళ్లజోడు మొదట ఎవరు చేశారో ఏ పుస్తకంలోనూ లేదు. మంచిదైంది. ఉంటే కోదండం ఆ పేరు పక్కన తన పేరు చెక్కించుకునేవాడు. కానీ ఇంకో సంగతి ఉంది. అచ్చుయంత్రం వచ్చి పుస్తకాలు పెరిగాకనే చాలామందికి తమకు దగ్గరి చూపు లేదని తెలిసిందట. ఒక వస్తువు ఇంకో వస్తువును లాక్కొస్తుంది. నేను ప్రతి ఏడూ సభలో చెప్పేది ఇదే: ఇది ఇక్కడితో ఆగదు. నాలుగేళ్ల కిందట గాజు వద్దన్నప్పుడు కూడా, గాజు వస్తే దాన్ని అరగదీసి కళ్లకు తగిలించుకుంటారని హెచ్చరించాను. విన్నదెవరు?

అదే ఊపులో ఈ రోజు నా జన్మలో అన్నిటికన్నా గొప్ప ఎదురుమాట రాశాను. ఇలా:

"ఈ బిళ్లను కంటికి తగిలించి ఊరుకుంటారా? ఊరుకోరు. ఒక బిళ్లను కంటి దగ్గర, ఇంకో బిళ్లను మూరెడు దూరంలో పెట్టి, మధ్యన వెదురు గొట్టం బిగిస్తారు. ఆకాశం వైపు తిప్పుతారు. చంద్రుడి మీద గుంటలు చూస్తారు. భూమి అన్నిటికీ నడుమ లేదని తెలుసుకుంటారు. కింది ఊళ్లు ఈ గొట్టంతోనే మొదలుపెట్టి, చివరికి ఆగిపోయే యంత్రాల దాకా నడిచాయి."

రాసింది నచ్చి, రచ్చబండ దగ్గరికి వెళ్లి అందరికీ చదివాను. ఎవరూ కదల్లేదు. సభ పెద్ద నూకరత్నం, ఊళ్లో సగంమందికి పురుడు పోసిన మనిషి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. కోదండం నోరు తెరుచుకుని విన్నాడు. అంత ఓడించాననిపించింది వాణ్ని.

ఇంటికొచ్చి కళ్లజోడు తుడుచుకుంటుంటే అనిపించింది: ఇంత బాగా ఎందుకు రాశాను?

ఏం పరవాలేదు. నేను గెలవను. ఎప్పుడూ గెలవలేదు.

నష్టం: పైన రాసిందే.

పద్దెనిమిదో రోజు

చివరి వాదం కదా, పాత పుస్తకాలు తిరగేసి మంచి ముక్కలు ఏరుకుందామని సభ గది నుంచి ఇరవై తొమ్మిదీ తెచ్చుకున్నాను. మొదటి వస్తువు కాగితం. కాగితం మీదే కాగితాన్ని తిట్టాను. అప్పట్లో దస్తా కాగితం చేయడానికి నెల పట్టేది.

రెండో పుస్తకం సబ్బు. తెరిచాను. పుట అంచున నా రాత కానిది ఏదో ఉంది. సభలో చదివాక ఈ పుస్తకాలు మళ్లీ తెరిచేవాణ్ని కాదు, చూపు తగ్గాక ఎప్పుడైనా తెరిచినా దాన్ని బూజు మరక అనుకున్నాను. ఒకసారి తడిగుడ్డతో తుడిచాను కూడా.

మరక కాదు. పైడమ్మ రాత. ఆవగింజంత అక్షరాలు. కాగితం దొరకని రోజుల్లో, ప్రతి ఏడూ సభ ముగిశాక, నా పుస్తకాల అంచుల్లో తన సంగతులు తను రాసుకుంది. అన్ని పుటల్లోనూ ఉంది. ఆమె పోయి ఎనిమిదేళ్లు. ఇరవై రెండు పుస్తకాల అంచులు నిండా ఉంది.

నష్టం: భోజనం చేయలేదు.

ఇరవై ఒకటో రోజు

ఒక్కో పుటకు గంట పడుతోంది. అక్షరాలు అంత సన్నం, మాటలు అంత పొదుపు. నవ్వి నవ్వి పక్కటెముకలు నొప్పి. ఆమె నన్ను ఒక్క చోట కూడా పొగడలేదు. నేను రాసిన ప్రతిదానికీ ఎదురు రాసింది. ఊరికి ఎదురుమాటను నేననుకున్నాను. నాకు ఒకరున్నారని తెలియదు.

నష్టం: మూడు పుస్తకాలయ్యాయి. ఇంకా పంతొమ్మిది ఉన్నాయి. రోజులు తొమ్మిది. ఆదుర్దా అనేది నష్టమే కదా.

ఇరవై మూడో రోజు

మధ్యాహ్నం అప్పన్న వచ్చాడు. చదవడానికి పని లేక ఊరికే కూర్చున్నాడు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

"మాస్టారూ, ఈసారి మీరు దిగులు పడకండి. గెలుస్తారు."

"ఎవరన్నారు?"

"అందరూ అనుకున్నామండి. ముప్పై ఏళ్లు ఒక్కసారి కూడా గెలవలేదు, చివరిది, పాపం పెద్దాయన అని. నూకరత్నమ్మ గారే ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. అందరం చింతగింజే వేస్తాం. మీకు చెప్పొద్దన్నారు."

"చెప్పేశావు కదరా."

"రాజు చచ్చిపోయాడని చెప్పలేదని తిట్టారు కదండి. అప్పటి నుంచి ఏదీ దాచకూడదని అనుకున్నాను."

వాడి చెవులు ఈసారి ఎర్రబడలేదు. మంచి పని చేశానన్న తృప్తితో వెళ్లాడు.

ముప్పై ఏళ్లు నా మాట వినని ఊరు, వినకూడని ఒక్కసారి వినడానికి తయారైంది. గడప మీద కూర్చుని చాలాసేపు నవ్వాను. తరువాత నవ్వు రాలేదు.

నష్టం: జాలి.

ఇరవై నాలుగో రోజు

నూకరత్నం ఇంటికి వెళ్లాను. మినుములు విసురుతోంది.

"కూకోండి మాస్టారూ."

"అమ్మాయ్, నాకు తెలిసింది."

"ఆ అప్పన్న నోరు పడిపోను. సరే, తెలిస్తే తెలిసింది. సంతోషమే కదేటి?"

"న్యాయంగా వెయ్యాలమ్మా గింజలు. జాలితో కాదు."

"జాలేటి? మీరు మొన్న రచ్చబండ కాడ చదివారు చూడండి, గొట్టం గురించి, నాకు ఒళ్లు జలదరించింది. న్యాయంగానే వేస్తాం. అయినా ఊళ్లో ముసలాళ్లు నలుగురు. కళ్లు కనబడకపోతే మేం లేమేటి, చేయి పట్టుకుని నడిపించడానికి? మీకు మాత్రం అదెందుకు? మీరే వద్దన్నారు కదా?"

అవునన్నాను. నాకు కావాలి అన్న ఒక్క మాట నోరు దాటితే అయిదేళ్లు. డెబ్బై నాలుగుకు అయిదు కలిపి చూసుకుని లేచి వచ్చేశాను.

నష్టం: మా ఇంట్లోకి వచ్చేటప్పుడు అదే గడప మళ్లీ తన్నుకున్నాను.

ఇరవై ఏడో రోజు

తొమ్మిదో రోజు రాసిన పుట చింపేద్దామని చూశాను. పుటలకు అంకెలు వేసి ఉన్నాయి. చింపితే పరీక్ష చెల్లదు. ఆ అంకెలు వేయాలన్న నియమం కోసం ముప్పై ఏళ్ల కిందట సభలో గొంతు చించుకున్నది నేనే.

పైడమ్మ చివరి పుస్తకానికి ముందుగా వెళ్లాను. ఇరవై రెండోది, కుట్టుమిషను. చివరి పుట అంచున ఇలా ఉంది: "ఈయనకు దగ్గరి చూపు తగ్గిపోయింది. ఇక ఈ రాత చదవలేడు. కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. ఇరవై రెండుసార్లూ నేను వేసింది చిక్కుడుగింజే."

నాకు అనుమానం ఉండేది. అడిగితే ప్రతిసారీ పొయ్యి వైపు తిరిగేది.

ఆ పుట ముందు కూర్చున్నప్పుడే దారి కనబడింది. ఎదురుమాట పుస్తకాల్లో ఉన్నదే చదవాలి. అంచు కూడా పుస్తకంలో ఉన్నదే. మెచ్చుకోలు నా నోట రాకూడదు. ఇది నా మాట కాదు.

నష్టం: ఏమీ తోచడం లేదు. దోమ కుట్టింది అని రాస్తున్నాను. కళ్లజోడు వల్ల దోమ బాగా కనబడింది.

ముప్పయ్యో రోజు

పొద్దున్నే సభ. రెండువందల పదిహేనుమంది. కుండ పక్కన బండ, బండ మీద సుత్తి పెట్టారు, పగలగొట్టడానికి. అందరూ నా వంక ముద్దుగా చూస్తున్నారు. పుట్టినరోజు పిల్లవాడిని చూసినట్టు. ఒళ్లు మండింది.

తొమ్మిదో రోజు పుట చదివాను. చదవకపోతే దాచినట్టు. అందరూ తలలాడించారు. తరువాత పాత పుస్తకాలు తెరిచి, కళ్లజోడు దారాలు బిగించుకున్నాను.

"రెండో ఏడు. సబ్బు. ఎదురుమాట ఇలా రాశాడు: సబ్బు వాడిన మనిషి ఒంటి వాసన పోగొట్టుకుంటాడు, రేపు బిడ్డ తల్లిని గుర్తుపట్టదు. అదే పుట అంచున ఇలా ఉంది: ఈయన రోజుకు రెండుసార్లు స్నానం చేస్తున్నాడు. నాకు సబ్బుబిళ్ల మిగలడం లేదు. వాసన పోయింది. ఊరు బాగుపడింది."

ఎవరో కిసుక్కుమన్నారు. నూకరత్నం నొసలు ముడిచింది. "అంచున రాసిందెవరు మాస్టారూ?"

"పుస్తకంలో ఉంది. చదువుతున్నాను. అయిదో ఏడు. అగ్గిపుల్ల. దీనివల్ల ఊరు తగలబడుతుంది అని రాశాడు. అంచున: నిజమే, గడ్డివాము తగలబడింది. తగలబెట్టింది ఈయనే. మండుతున్న పుల్ల ఎంత దూరం ఎగురుతుందో పరీక్షించాడు. అందరికీ దీపాన్ని మేక తన్నిందని చెప్పాం."

ఆ గడ్డివాము కోదండం తండ్రిది. అంటే మా మామగారిది. కోదండం లేచి నిలబడ్డాడు. "మేక కాదేటి?" అన్నాడు. "ఆ మేకను అమ్మేశాం కదా బావా." సభ మొత్తం పడి పడి నవ్వింది.

"పద్నాలుగో ఏడు. సైకిలు. ఇది మనుషులను ఒకరికొకరు దూరం చేస్తుంది అని రాశాడు. అంచున: ఒక రోజు నన్ను వెనక కూర్చోబెట్టుకుని లోయ దాకా తీసుకెళ్లాడు. ఇద్దరం వాగులో పడ్డాం. రేపు మళ్లీ వెళ్దామన్నాడు. పుస్తకంలో మోకాలి దెబ్బ ఒక్కటే రాశాడు."

నీళ్లు తాగి, గంట గురించీ, కుట్టుమిషను గురించీ, చివరి పుట గురించీ చదివాను. ఇరవై రెండు చిక్కుడుగింజలని చదివినప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి చప్పట్లు వినబడ్డాయి. పుస్తకం మూశాను.

నూకరత్నం పుస్తకం వైపు వంగింది. "మాస్టారూ, ఇన్నాళ్లూ ఇది మీరు చదవలేదా?"

"మరక అనుకున్నాను."

"ఇంకా ఎన్ని పుటలున్నాయి?"

"పదిహేను పుస్తకాలు."

ఆమె చేతిలో ఉన్న చింతగింజను కిందపడేసి, పక్కవాళ్ల దగ్గర చిక్కుడుగింజ అడిగి తీసుకుంది. కుండ తిరిగింది. నా వంతు వచ్చింది. పిడికిలి మూసి వేశాను. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆ గింజ వేళ్లకు కొత్తగా తగిలింది.

లెక్క: చిక్కుడుగింజలు రెండువందల పద్నాలుగు. చింతగింజ ఒకటి.

"పోన్లెండి," అంది నూకరత్నం నా భుజం తట్టి. "మీ గింజ ఒకటుంది కదా."

నేను పుస్తకాలు సర్దుకున్నాను. సుత్తి తీసేశారు.

ఇంటి దారిలో కోదండం వెనకే వచ్చాడు.

"ఆ చింతగింజ నాది బావా."

"నీ వస్తువుకు నువ్వే అడ్డం వేశావా?"

"నూకరత్నానికి మాటిచ్చాను. అయినా నీ పక్కన ఒక్కడైనా ఉండొద్దేటి? ముప్పై ఏళ్లయింది." వేళ్లు ముడిచి లెక్క పెట్టాడు. "అవును గాని, నాది ఒకటి, నీది ఒకటి, రెండుండాలి కదా. మరి నీదేటి చేశావు?"

నేను కళ్లజోడు సర్దుకున్నాను. వాడు మొహం దగ్గరికి తెచ్చి నన్ను చూసి, కడుపు పట్టుకుని రోడ్డు మీద కూర్చుండిపోయాడు. నవ్వు ఆగాక అడిగాను.

"ఒరే, నిజం చెప్పు. అక్షరం రానివాడివి. ఇరవై ఆరు వస్తువులు. ఎక్కడివిరా నీకు ఈ ఆలోచనలు?"

వాడు నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"తెలీదా నీకు? ప్రతి ఏడూ చెప్తావు కదా సభలో, ఇది ఇక్కడితో ఆగదు, దీని తరవాత ఇది చేస్తారు, ఇలా చేస్తారు, ఇంత కొలత పెడతారు అని. ఇంటికెళ్లి అదే చేస్తాను. సబ్బు మీద కోపంలో నువ్వు అగ్గిపుల్ల చేసే పద్ధతంతా చెప్పేశావు. గాజును తిట్టినప్పుడు కళ్లజోడు చెప్పావు. నాకు చదివి చెప్పేవాళ్లు ఇంకెవరున్నారు బావా?"

అంటే సబ్బు తరువాత వీడి చేతుల మీదుగా ఈ ఊరికి వచ్చినవన్నీ, సైకిలూ, గంటా, కుట్టుమిషనూ, ఇదిగో నా ముక్కు మీది ఈ బిళ్లలూ, అన్నీ నేనే తెచ్చాను. నోరారా వద్దంటూనే తెచ్చాను. ముప్పై ఏళ్లుగా వీడు ఈ ఆలోచనలు ఎక్కడో దొంగిలిస్తున్నాడని తిట్టుకున్నాను, దొంగిలించింది నా తిట్లను.

వాడు లుంగీ మడతలోంచి ఒక వెదురు గొట్టం తీశాడు. రెండు చివర్లా గాజు బిళ్లలు. కంటికి పెట్టుకుని కొండ వైపు చూసి, పెదవి విరిచాడు.

"మూరెడు అన్నావు గాని, మూరెడు సరిపోవట్లేదు. అంతా పొగలా ఉంది. ఎంతుండాలో పుస్తకం చూసి కాస్త తిట్టు బావా."

నష్టం: వచ్చే ఏడు కూడా ఈ పని నేనే చేస్తానని నూకరత్నానికి కబురు పంపాల్సి వచ్చింది. ప్రస్తుతం కోదండం అరుగు మీద ఉన్నాడు, పుస్తకం నా ఒడిలో ఉంది, తిట్టడం మొదలుపెట్టాను.